స్మాష్ పుట్టేది పాదంలో

2023 ఏప్రిల్ 14న జపాన్‌లోని సోకాలో అమలాపురం బ్యాడ్మింటన్ కుర్రాడు రంకిరెడ్డి సాత్విక్ సాయిరాజ్ కొట్టిన స్మాష్ గంటకు 565 కిలోమీటర్ల వేగం అందుకుంది. పదేళ్లుగా నిలిచిన 493 కిలోమీటర్ల రికార్డు చెరిగిపోయింది. అంత వేగం భుజబలం వల్లే వచ్చిందనుకుంటాం. కానీ అది మొదలయ్యేది పాదం నేలను తన్నే చోట. ఆ ఊపు తొడలు, నడుము, మొండెం మీదుగా భుజానికి, అక్కడి నుంచి ముంజేతికి చేరుతుంది. వరసలో ఒక్కటి ఆలస్యమైనా వేగం తగ్గుతుంది, ఆ లోటు పూడ్చే భారం భుజం మీద పడుతుంది.

ఈ వరస కుదిరేది సాధనతోనే, ఎందుకంటే శరీరం ఏ పని చేస్తే ఆ పనికే ఒదుగుతుంది. బండారులంకలో మగ్గం మీద ఏళ్ల తరబడి కూర్చున్నవారి కాళ్లూ చేతులూ నేతకు ఒదిగినట్టే, దసరాకి అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానా ఆడే కుర్రాళ్ల ఒళ్లు కర్రసాముకి ఒదుగుతుంది. ఆ ఒదుగును రప్పించేది సాధనలో పడే భారం. దండీలు, బస్కీలు ఎన్ని తీశామన్నదే లెక్కగా ఉన్న వ్యాయామానికి కొలత తెచ్చినవారిలో ముఖ్యుడు అమెరికా సైనిక వైద్యుడు థామస్ డెలార్మ్. గాయపడిన సైనికుల కాళ్లకు బలం వచ్చేకొద్దీ బరువు పెంచుతూ పోయే తన పద్ధతిని 1945లో ప్రకటించాడు. నేటి జిమ్‌లు ఇప్పటికీ ఆ దారిలోనే నడుస్తున్నాయి.

కానీ ఆటకు బరువొక్కటే చాలదు. కండరం తన పూర్తి బలం చూపడానికి సెకనులో మూడో వంతు దాకా పడుతుంది. ఎగిరి కొట్టే ఆటగాడికి నేల మీద అంత వ్యవధి దొరకదు. అందుకే స్ట్రెంత్ కోచ్‌లు భారీ స్క్వాట్‌లతో పాటు గెంతులు, బంతి విసుర్లు చేయిస్తారు. ఎంత బలముందన్నదానితో పాటు అది ఎంత త్వరగా బయటికొస్తుందన్నదీ చూస్తారు.

ఇంకొకటి మనవాళ్లు అసలు పట్టించుకోరు. షటిల్ వెళ్లిపోయాక, విసురుగా వచ్చిన చేతిని ఆపాలి. ఆ బ్రేకు వేసేవి భుజం వెనకాల ఉన్న చిన్న కండరాలు. వాటిని వదిలేసి ఛాతీ, జబ్బలు మాత్రమే పెంచితే గాయం పొంచి ఉన్నట్టే. చేయి విసిరి ఆడే ఆటల్లో భుజం ఎంత సున్నితమో సాత్విక్ అభిమానులకు తెలుసు. 2024 ఏప్రిల్‌లో ఆసియా టైటిల్ నిలబెట్టుకోవలసిన అతను భుజం గాయంతో ఆ టోర్నీకే దూరమయ్యాడు.

కోనసీమలో రాకెట్ పట్టే పిల్లలందరికీ స్ట్రెంత్ కోచ్ దొరకడు. అయినా నోటుపుస్తకం ఉంటే చాలు, అమెరికా వ్యాయామ శాస్త్రవేత్త కార్ల్ ఫోస్టర్ చెప్పిన లెక్క ఏ పీఈటీ మాస్టారైనా వేయగలరు. సాధన అయిన కాసేపటికి ఎంత కష్టమనిపించిందో పదికి ఎన్నని పిల్లాణ్ణే అడగాలి. ఆ అంకెను నిమిషాలతో గుణించాలి. 60 నిమిషాలు, కష్టం 7 అయితే 420. రోజూ ఇలా వచ్చిన అంకెలను కూడిన వారం మొత్తం ఒక్కసారిగా ఎగబాకిందా, మర్నాడు స్మాష్‌లు తగ్గించి ఫుట్‌వర్క్ చేయించాలి.