వైద్యుని పేరిట ఒక తోట

ఒక వైద్యుని పేరు పెట్టుకున్న తోటను ఈసారి మీకు పరిచయం చేస్తున్నాము. అది కెనడా దేశంలోని వాంకూవర్ నగరంలో, చైనాటౌన్ అనే పేటలో ఉంది. చుట్టూ బస్సులు, దుకాణాలు, ఎత్తైన భవనాలు. వాటి మధ్య ఒక తెల్లని గోడ. ఆ గోడ లోపలిదే డాక్టర్ సన్ యట్‌సెన్ తోట.

సన్ యట్‌సెన్ చైనాలో రాచరికాన్ని తొలగించిన నాయకునిగా లోకానికి తెలుసు. 1912లో ఆయన చైనా గణతంత్రానికి తొలి తాత్కాలిక అధ్యక్షుడయ్యారు. అంతకంటే ముందు ఆయన డాక్టరు. 1892లో హాంకాంగ్‌లోని చైనీయుల వైద్య కళాశాలలో పట్టా పొందారు. ఆ కళాశాల విద్యార్థులు రోగులను చూడడం నేర్చుకున్నది లండన్ మిషనరీ సొసైటీవారి ఆలిస్ మెమోరియల్ ఆసుపత్రిలో. మిషను ఆసుపత్రినే నమ్ముకున్న మన కుటుంబాలకు ఇది సంతోషం కలిగించే సంగతి.

ఈ తోట 1986లో తెరిచారు. చైనాలో తోటలకు పేరుపొందిన సుజౌ నగరం నుండి 53 మంది పనివారు వచ్చి, తమ పూర్వీకుల పద్ధతిలో కట్టారు. పాతకాలపు చైనా పండితుల ఇళ్లలో ఉండే తోటను ఇంత పూర్తిగా చైనా వెలుపల కట్టడం అదే మొదటిసారి.

మా అబ్బాయి, కోడలు ఆ ఊళ్లో ఉండడంవల్ల మాకు ఈ తోట చూసే అవకాశం కలిగింది. మా ఇద్దరిలో ఒకరికి మోకాళ్ల నొప్పులు, ఒకరికి రక్తపోటు. "చిన్న తోటే అమ్మా, పావుగంటలో చూసేయొచ్చు" అన్నాడు అబ్బాయి. బయటకు వచ్చేసరికి గంటన్నర అయింది.

కారణం ఏమిటంటే, ఆ తోట మనిషిని తొందరగా నడవనివ్వదు. దారి తిన్నగా ఉండదు. నాలుగడుగులు వేస్తే ఒక మలుపు. మలుపు తిరిగితే గాని అవతల ఏముందో కనబడదు. గోడల్లో జాలీ కిటికీలు ఉన్నాయి. వాటిలోంచి ఒక వెదురు గుబురో, ఒక రాయో కొంచెంగా కనిపిస్తుంది. ఆగి చూడాలనిపిస్తుంది. సన్నగా వాన పడుతున్నా నడవాలకు పైకప్పు ఉండడంవల్ల మేము తడవలేదు. పెంకుల అంచునుండి చినుకులు జారుతుంటే చూస్తూ కూర్చున్నాము.

మధ్యలో చెరువు ఉంది. నీళ్లు పచ్చగా, మసకగా ఉన్నాయి. "ఇలా ఉన్నాయేమండీ?" అని తోట చూపించే ఆవిడను అడిగాము. చెట్లు, ఆకాశం అద్దంలోలాగ కనబడాలని కావాలనే అలా ఉంచుతారట. పైన్, వెదురు, ప్లమ్ చెట్లను చైనావారు చలికాలపు ముగ్గురు మిత్రులు అంటారని కూడ చెప్పారు. చలికి మిగతావి వాడిపోయినా మొదటి రెండూ పచ్చగా నిలుస్తాయి. ప్లమ్ చలి పూర్తిగా పోకముందే పూస్తుంది. దీర్ఘరోగంతో బాధపడేవారికి ఈ మాట ధైర్యం కాదా?

పచ్చదనం మనసుకు హాయి అని అందరం అంటాము. రోగులకు దానివల్ల మేలు జరుగుతుందా అని రోజర్ అల్రిచ్ అనే పరిశోధకుడు అమెరికాలోని ఒక ఆసుపత్రి రికార్డులు పరిశీలించారు. పిత్తాశయం ఆపరేషను జరిగిన 46 మందిలో సగం మందికి కిటికీలోంచి చెట్లు కనిపించేవి. మిగతా సగానికి ఇటుక గోడ కనిపించేది. చెట్లు కనిపించినవారు కొంచెం ముందుగా ఇంటికి వెళ్లారు. బలమైన నొప్పి మందులు కూడ తక్కువగా వాడారు. ఇది 1984లో ప్రచురించారు. చెట్టు మందుకు బదులు కాదు. కాని మందుతోపాటు అదీ తోడ్పడుతుందని దీనివల్ల అనిపిస్తుంది.

ఇందుకోసం కెనడా వెళ్లనవసరం లేదు. మీ ఇంట్లో మంచం పట్టినవారు ఉంటే, వారి మంచాన్ని కిటికీవైపు తిప్పండి. వాకిట్లో వేపచెట్టు ఉంటే దాని కింద ఒక కుర్చీ వేయండి. చోటు లేకపోతే, వారికి కనిపించేచోట రెండు కుండీల్లో తులసి, మందారం పెట్టండి. కుండీల్లో, పళ్లాల్లో నీరు నిలవనీయకండి, దోమలు చేరతాయి.

నడవగలిగినవారు ఎంతసేపు నడవాలో మీ డాక్టరుగారిని అడగండి. మెల్లగా నడవండి, మధ్యమధ్య కూర్చోండి. ఛాతీలో నొప్పి, ఆయాసం, కళ్లు తిరగడం ఉంటే వెంటనే ఆగి ఆసుపత్రికి రండి. మీతో ఇంట్లోవారు ఒకరు నడిస్తే మరీ మంచిది. రోగికి తోడుగా పావుగంట కూర్చుని ఒక చెట్టును చూడడం కూడ సేవే.