మేక నెత్తురు, బాతు నెత్తురు, ఒక బెజ్జం

"సార్, మా మేకకి ఎర్రకణాలు లేనట్టే అంట. ప్లేట్‌లెట్లేమో మెషీను లెక్కకి అందనన్ని ఉన్నాయంట. మరి అది ఎట్టా బతికుంది సార్?"

తొమ్మిదో తరగతి కుర్రాడు ఆ మాటంటూ ఒక చీటీ నా బల్ల మీద పెట్టాడు. వాళ్ళది హంసలదీవి. ఇంట్లో పది మేకలు, కోతలయిన చేలల్లో తిప్పుకునే ఒక బాతుల మంద. ఓ మేక మేత ముట్టకపోతే పశువుల ఆసుపత్రిలో రక్తం తీయించి, ఆ గొట్టం పట్టుకుని వాళ్ళ నాన్న మనుషులకు పరీక్షలు చేసే ల్యాబుకి వెళ్ళాడు. బతిమాలితే వాళ్ళు మెషీనులో పెట్టి చూశారు. చీటీలో ఎర్రకణాల అంకె ఏ ప్రాణీ బతకలేనంత తక్కువగా ఉంది.

ఆ చీటీని మూడు రోజులు జేబులో పెట్టుకు తిరిగాను. మెషీను అబద్ధమాడలేదు. దానికి అడగడం వచ్చిన ప్రశ్న ఒక్కటే, ఆ ఒక్కదానికీ మేక కణాలు నిజమే చెప్పాయి. ఆ ప్రశ్నను కనిపెట్టినవాడు వాలెస్ కోల్టర్ అనే అమెరికా ఇంజనీరు.

అంతకుముందు కణాలు లెక్కపెట్టడమంటే కళ్ళు కాయలు కాయడమే. న్యూబవర్ చాంబర్ అనే గాజుపలక మీద సన్నటి గళ్ళు గీసి ఉంటాయి. పైన కప్పిన గాజుకీ గళ్ళకీ మధ్య లోతు సరిగ్గా మిల్లీమీటరులో పదో వంతు. 200 రెట్లు పలచన చేసిన రక్తాన్ని అందులోకి వదిలి, మైక్రోస్కోపు కింద ఐదు గళ్ళలోని ఎర్రకణాలు లెక్కపెట్టి, వచ్చిన అంకెను 10,000తో హెచ్చవేయాలి. గీత మీద పడిన కణానికీ కట్టుబాటుంది. పై గీత, ఎడమ గీత మీదివి లెక్కలోకి వస్తాయి. కింది గీత, కుడి గీత మీదివి రావు. ఈ పలకంటే నాకు ఎనలేని గౌరవం. కాని ఎంత జాగ్రత్తపరుడు లెక్కపెట్టినా, 500 కణాల లెక్కలో 22 దాకా అటూ ఇటూ కావడం మామూలే. అంటే నూటికి నాలుగున్నర తేడా.

ఈ పని వెలుతురుకి అప్పగిద్దామని 1934లో ఆండ్రూ మోల్డవాన్ పూనుకున్నాడు. వెంట్రుకలాంటి గాజుగొట్టంలో కణాలు వరసగా పోతుంటే ఒక్కో నీడనూ ఫోటోసెల్ పట్టుకోవాలి. ఆలోచన గొప్పదే. కాని మన ఎర్రకణం బిళ్ళలా ఉంటుంది. బల్లపరుపుగా వస్తే ఒక నీడ, అంచు తిప్పుకొస్తే ఇంకో నీడ.

కోల్టర్ వెలుతురునే వదిలేశాడు. 1930లలో ఎక్స్‌రే పరికరాల పని మీద తూర్పు దేశాల్లో తిరుగుతూ, ఆసుపత్రుల్లో మైక్రోస్కోపు మీద వంగిపోయి కణాలు లెక్కపెట్టేవాళ్ళను చూశాడు. రెండో ప్రపంచ యుద్ధం మీదికి వస్తే సింగపూరు నుంచి సరుకు ఓడెక్కి మన దేశం వచ్చి, ఆఫ్రికా, దక్షిణ అమెరికాల మీదుగా చుట్టుతిరిగి ఇల్లు చేరాడు. ఆ తరవాత షికాగోలో ఈ పనికి కూర్చున్నాడు.

ఉప్పునీటిలో కరెంటు పారుతుంది. ఆ నీటిని రెండు భాగాలు చేసి మధ్య గోడకి ఒకే ఒక బెజ్జం ఉంచితే, కరెంటంతా ఆ బెజ్జంలోంచే పోవాలి, కాలవ నీళ్ళన్నీ ఒక్క తూములోంచి పోయినట్టు. కణం చుట్టూ ఉన్న పొర కరెంటును లోపలికి రానివ్వదు. కాబట్టి కణం బెజ్జం దాటుతున్నంతసేపూ దాని ఒడ్డూ పొడుగూ మేరకు ఉప్పునీరు పక్కకి తప్పుకున్నట్టే. కరెంటుకి దారి ఇరుకవుతుంది, ఒక తుళ్ళింత పుడుతుంది. కణం ఎంత చోటు తీసుకుంటే తుళ్ళింత అంత ఎత్తు. నువ్వు ఎట్లా ఉంటావు అని కాదు, ఎంత చోటు తీసుకుంటావు అని మాత్రమే కణాన్ని అడగడం! ఇంత సాదా ప్రశ్న అంతవరకూ ఎవరికీ తట్టకపోవడం నాకిప్పటికీ ఆశ్చర్యం.

బెజ్జం వెడల్పు 100 మైక్రాన్లు, ఇంచుమించు తలవెంట్రుక మందం. మొదటి బెజ్జాన్ని సిగరెట్ పెట్టె మీది సెల్లోఫేను కాగితానికి కాల్చిన సూదితో పొడిచాడని చెబుతారు. బెజ్జానికి పేటెంటేమిటని లాయర్లు తిప్పి పంపారట. 1949లో దరఖాస్తు పెడితే 1953లో పేటెంటు చేతికొచ్చింది.

కణాలు లెక్కపెడితే సరిపోదు, ఎంత రక్తంలో ఉన్నవో తెలియాలి. పాత మోడళ్ళలో దానికి పెట్టిన ఉపాయం చూస్తే నాకు ముచ్చట తీరదు. ఒక వంపు గొట్టంలో పాదరసం. పంపుతో దాన్ని పక్కకి లాగి వదిలేస్తారు. అది తన మట్టానికి తిరిగి జారుతూ, వెనకాల పలచటి రక్తాన్ని బెజ్జంలోంచి లాక్కుపోతుంది. దారిలో ఒక తీగను తాకగానే లెక్క మొదలు, ఇంకో తీగను తాకగానే ఆఖరు. రెండు తీగల మధ్య సరిగ్గా అర మిల్లీలీటరు. రక్తాన్ని 50,000 రెట్లు పలచన చేస్తారు గనక, మనిషిదయితే ఆ అర మిల్లీలీటరులో దాదాపు 50,000 ఎర్రకణాలు దాటతాయి, అదీ పావు నిమిషంలో. తేడా నూటికి అర కన్నా తక్కువకి దిగింది. రెండు కణాలు జంటగా దూరితే ఒకటిగా లెక్కపడతాయి, దానికి దిద్దుబాటు పట్టికలు ఇచ్చారు.

హంసలదీవి పిల్లలకి ఇందులో ఉప్పు సంగతి చెప్పడం తేలిక. మంచినీళ్ళలో ఎర్రకణాలు ఉబ్బి పగులుతాయి, సముద్రపు నీళ్ళలో ముడుచుకుపోతాయి. రక్తానికి పడే ఉప్పు నూటికి 0.9 పాళ్ళు. సముద్రంలో మూడున్నర. వేసవిలో పాలకాయతిప్ప తీరాన పట్టిన సముద్రపు నీళ్ళకి మూడింతలు మంచినీళ్ళు కలిపితే దాదాపు లెక్క కుదురుతుంది. ఆ నీళ్ళతోనే క్లాసులో ఒక బొమ్మ మెషీను చేశాం. అడుగు కోసిన సీసా, మూతకి బెజ్జం, తలకిందులుగా ఉప్పునీళ్ళ గిన్నెలో. లోపలొక పెన్సిల్ ములుకు, బయటొక ములుకు, బ్యాటరీ, ముల్లున్న మీటరు. ఆవగింజ జారితే ముల్లు కొద్దిగా తగ్గింది. మెంతిగింజకి బాగా తగ్గింది. పిల్లలు కళ్ళు మూసుకుని వేసి, ముల్లు చూసి ఏ గింజో చెప్పారు.

మేక సంగతి అక్కడ తేలింది. మనిషి ఎర్రకణం 80 నుంచి 100 ఫెమ్టోలీటర్ల చోటు తీసుకుంటుంది. కుక్కది 60 పైచిలుకు, ఆవుది 40 నుంచి 60. మేకది 16 నుంచి 25 మాత్రమే. మనుషుల మెషీనుకి ఇంచుమించు 35 దాటిందే ఎర్రకణం, 20 లోపుది ప్లేట్‌లెట్. మెంతులకని పెట్టిన జల్లెడలో ఆవాలు పోసినట్టయింది. చిన్నవి గనకే మేకకి అవి ఎక్కువ కూడా, ఒక్క మైక్రోలీటరులో 80 లక్షల నుంచి కోటీ 80 లక్షల దాకా. పశువుల డాక్టరు గారు ఆ చీటీ పక్కన పెట్టి, మేక కనురెప్ప తిప్పి, పాలిపోయిన పొర చూసి నట్టల మందు పట్టించారు. మేక తేరుకుంది.

కోల్టర్ 1958లో తమ్ముడు జోసెఫ్‌తో కంపెనీ పెట్టాడు. 1965లో మ్యాక్ ఫుల్వైలర్ ఇదే బెజ్జంతో కణాలను విడదీసే యంత్రం చేశాడు. తరవాత లేజర్లొచ్చాయి, జంతువు పేరు ఎంచుకుంటే జల్లెడ తానే మార్చుకునే పశువుల మెషీన్లూ వచ్చాయి.

"మరి మా బాతుకో?" అన్నాడు కుర్రాడు.

అక్కడ పరిమాణం మార్చినా చాలదు. తెల్లకణాలు లెక్కపెట్టాలంటే ముందు ఎర్రకణాలను సబ్బులాంటి మందుతో పగలగొడతారు. మేకలో, మనలో ఎర్రకణాలకి కేంద్రకం లేదు గనక అవి జాడ లేకుండా పోతాయి. పక్షుల ఎర్రకణాలు కోలగా ఉంటాయి, ప్రతిదానిలో కేంద్రకం ఉంటుంది. హంసలదీవికి పేరు తెచ్చిన కథలో కాకి కృష్ణ సముద్రంలో కలిసే సంగమంలో మునిగి హంసయింది కదా, ఆ కాకి నెత్తురులోనూ హంస నెత్తురులోనూ ఇది మారదు. కణం పగిలినా కేంద్రకం మిగిలి బెజ్జం దాటుతుంది, మెషీను దాన్ని తెల్లకణమనుకుంటుంది. ఒక తెల్లకణానికి వందకు పైగా ఇలాంటివే. అందుకే పక్షులకి న్యూబవర్ పలకే ఇప్పటికీ దిక్కు. 1952లో నాట్, హెరిక్ అనే ఇద్దరు చెప్పిన రంగునీళ్ళలో కలిపి, తెల్లకణాలను కంటితోనే ఏరతారు. గన్నవరం ఎన్టీఆర్ పశువైద్య కళాశాలలాంటి చోట్ల పిల్లలు చేతి లెక్క ఈ పలక మీదే నేర్చుకుంటారు.

బాతు రెక్క కింది నరం నుంచి ఒక చుక్క తీయించి, మా బడి మైక్రోస్కోపు కింద పలక పెట్టాను. తెల్లవాటి జోలికి పోలేదు, ఎర్రకణాలే. వాడు ఒంటికన్నుతో గొణుక్కుంటూ లెక్కపెట్టాడు. 51, 58, 55, 60. ఐదో గడిలో ఆగాడు.

"ఒకటి కుడి గీత మీదుంది సార్."

"వదిలెయ్."

"అయితే 54."

మొత్తం 278. పదివేలతో హెచ్చవేసి, 27 లక్షల 80 వేలని చాక్‌పీసుతో బోర్డు మీద వాడే రాశాడు.