పద్నాలుగు విత్తనాల యాగం: మా ప్యాకెట్ మీద 'వేద' అని ఎందుకు రాయలేదంటే



పై వీడియోలో వానలకు ముందు మేం నవధాన్యాలు చల్లడం చూశారు కదా. అదే మిశ్రమాన్ని ప్యాకెట్లు కట్టి అమ్ముతున్నాం కూడా. మొన్న లేబుల్ డిజైన్ చేసే తమ్ముడు, "అన్నా, 'వేద విత్తనాలు' అని పెడదాం, రేటు కూడా కాస్త పెంచొచ్చు" అన్నాడు. నిజం చెప్పొద్దూ, నాకూ ఆశ పుట్టింది. అయినా రాసేముందు అడిగి తెలుసుకుందామని మా పక్క ఊరి ఘనపాఠి గారి దగ్గరికి వెళ్లా.

"గురువుగారూ, రకరకాల విత్తనాలు కలిపి చల్లడం వేదంలో ఉందా అండీ?"

"ఉంది బాబూ, అగ్నిచయనంలో."

అగ్నిచయనం అంటే ఐదు వరుసల ఇటుకలతో, ఎక్కువగా పక్షి ఆకారంలో వేదిక పేర్చి చేసే యాగం. ఇటుకలు పేర్చేముందు ఆ నేలను దున్ని విత్తుతారు. తెలుగునాట వేదపండితుల్లో ఎక్కువమంది చదివే కృష్ణ యజుర్వేదంలో, తైత్తిరీయ సంహిత ఐదో కాండలో ఇది ఉంది. ఆరు ఎద్దులతో దున్నితే ఆరు ఋతువులకు గుర్తు, పన్నెండైతే ఏడాదికి గుర్తు. విత్తేవి పద్నాలుగు రకాలు: ఊళ్లో పండేవి ఏడు, అడవిలో పెరిగేవి ఏడు.

ఆ పేర్లు ఆపస్తంబ శ్రౌతసూత్రంలో దొరుకుతాయి. ఊరివి నువ్వులు, మినుములు, వరి, యవలు, కొర్రలు, అణువు అనే చిరుధాన్యం, గోధుమలు. అడవివాటిలో వెదురు బియ్యం, శ్యామాకం, నీవారం అనే అడవి వరి, జర్తిల అనే అడవి నువ్వు ఉన్నాయి. శ్యామాకాన్ని కొందరు చామ అంటారు, కొందరు ఊద అంటారు.

వింటుంటే ఒళ్లు పులకరించింది. "ఇంకేం, మన మిశ్రమమే కదండీ!" అన్నా.

ఆయన నవ్వి, "ఆ విత్తనాల మీదే ఇటుకలు పేరుస్తారు నాయనా. కోత ఉండదు. రెండు రకాల అన్నమూ దక్కాలని చేసే కర్మ అది, సేద్యం పాఠం కాదు. ఆ యాగంలోనే పశుబలి కూడా ఉంది. మరి అదీ రాస్తావా లేబుల్ మీద?" అన్నారు. 1975లో కేరళలోని పాంజాళ్‌లో ఈ యాగం చేసినప్పుడు మేకల బదులు అరటాకులో చుట్టిన బియ్యప్పిండి వాడారని కూడా చెప్పారు.

తిరిగొచ్చేటప్పుడు దారంతా అదే ఆలోచన. మన నవధాన్యాలు పనిచేసేది వేదంలో ఉన్నాయని కాదు. పప్పుజాతి వేళ్ల బుడిపెలు నత్రజని పట్టి పెడతాయి, ఆకులు నేలను కప్పి తడి ఆరనివ్వవు, రకరకాల వేర్లు మట్టిలో జీవాన్ని నిలుపుతాయి. డిప్లొమాలో చదివిందీ ఇదే, పొలంలో చూసిందీ ఇదే. పార పట్టి మట్టి తిరగేస్తే మీకూ కనబడుతుంది. దానికి లేని ముద్ర వేసి రేటు పెంచితే, రేపు మొలక రాకపోతే రైతు నన్నూ నమ్మడు, ప్రకృతి సేద్యాన్నీ నమ్మడు.

అందుకే లేబుల్ మీద రకాల పేర్లు, ఒక్కోటి ఎన్ని గ్రాములు, మొలక శాతం, అంతే వేశాం. రేటు పాతదే.

కానీ ఒక మాట మాత్రం మనసులో నాటుకుపోయింది. యజ్ఞానికైనా ఊరి విత్తనంతో పాటు అడవి విత్తనమూ కావాలనుకున్నారు వాళ్లు. నా మిశ్రమంలో అడవిది ఒక్కటీ లేదు. ఈసారి పొలం ఒక మూల దున్నకుండా వదిలేస్తున్నా, ఏది మొలిస్తే అది.

మీ గట్ల మీద తనంతట తాను మొలిచి, తినడానికి పనికొచ్చే గింజలేమైనా ఉన్నాయా? మీ ఊళ్లో వాటినేమంటారో రాయండి.