చేనేత దినోత్సవానికి మూలం కలకత్తా తీర్మానం

ఏటా ఆగస్టు 7వ తేదీన నేతపేటల్లో సభలు జరుగుతాయి. వయసు మళ్లిన నేతగాళ్లకు శాలువాలు కప్పి సత్కరిస్తారు. జాతీయ చేనేత దినోత్సవం నేతవారి పండుగ అని చాలామంది అనుకుంటారు. కాని ఈ తేదీకి మూలం వేరు. బట్ట కొనుక్కునే జనం ఒకనాడు చేసిన తీర్మానమే దీనికి పునాది.

బెంగాలు విభజన

1905లో వైస్రాయి కర్జన్ బెంగాలును రెండు ముక్కలు చేయటానికి పూనుకున్నాడు. పరిపాలనా సౌలభ్యం కోసమే ఈ పని అని ప్రభుత్వం చెప్పింది. ప్రజల ఐకమత్యాన్ని దెబ్బతీయటానికేనని బెంగాలీలు గ్రహించారు. అర్జీలు పెట్టారు, సభలు జరిపారు. ఫలితం లేకపోయింది. చివరకు 1905 ఆగస్టు 7న కలకత్తా టౌన్‌హాలులో పెద్ద సభ జరిపి, విదేశీ వస్తువులను బహిష్కరించాలని తీర్మానించారు. స్వదేశీ ఉద్యమం లాంఛనంగా ప్రారంభమైంది ఆ రోజునే.

బహిష్కరించిన వస్తువుల్లో ముఖ్యమైనది బట్ట. మాంచెస్టరు మిల్లుగుడ్డ ఓడల మీద వచ్చి మన సంతల్లో చౌకగా అమ్ముడుపోయేది. దానితో పోటీ పడలేక ఎందరో నేతగాళ్లు మగ్గాలు మూలపెట్టి కూలికి పోయారు. ఉద్యమం వచ్చాక విదేశీ బట్టలను వీధుల్లో కుప్పపోసి తగులబెట్టారు. విభజన అమలులోకి వచ్చిన అక్టోబరు 16న బెంగాలులో ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలిగించలేదు. రవీంద్రనాథ్ ఠాగూర్ పిలుపు మేరకు హిందువులు, ముస్లిములు ఒకరి చేతికి ఒకరు రాఖీలు కట్టుకున్నారు.

అయితే ఈ దీక్ష అందరికీ సులభం కాలేదు. స్వదేశీ బట్ట ముతక, ధర ఎక్కువ. పేద రైతుకు అది భారమైంది. బలవంతం చేసిన చోట్ల తగవులు కూడా వచ్చాయి. లాభంలో కొంత బొంబాయి మిల్లుల వారికి పోయింది. అయినా మూలపడిన మగ్గాలు కొన్ని మళ్లీ ఆడాయి. 1911లో ప్రభుత్వం విభజనను రద్దు చేయక తప్పలేదు.

రాజమండ్రిలో కలకలం

ఈ గాలి మన గోదావరి ఒడ్డుకూ వచ్చింది. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాల్ ఆంధ్రలో పర్యటించారు. రాజమండ్రిలో ఆయన ఉపన్యాసాన్ని చిలకమర్తి లక్ష్మీనరసింహం తెలుగులో వినిపించారు. విద్యార్థులు వందేమాతరం బిళ్లలు ధరించి తరగతులకు వెళ్లారు. గాడిచర్ల హరిసర్వోత్తమరావును కళాశాల నుంచి బహిష్కరించారు. తరువాత 1921లో బెజవాడలో జరిగిన కాంగ్రెసు సమావేశం దేశమంతటా 20 లక్షల రాట్నాలు తిరగాలని నిర్ణయించింది.

నేటి పరిస్థితి

కలకత్తా తీర్మానానికి గుర్తుగా కేంద్ర ప్రభుత్వం 2015లో ఆగస్టు 7ను జాతీయ చేనేత దినోత్సవంగా ప్రకటించింది. తొలి ఉత్సవం మద్రాసులో జరిగింది. 2019–20 గణన ప్రకారం దేశంలో నేతగాళ్లు, అనుబంధ పనివారు కలిసి 35 లక్షల మందికి పైగా ఉన్నారు. వారిలో స్త్రీలే ఎక్కువ. కండెలు చుట్టటం మొదలు మగ్గం మీద కూర్చోవటం వరకు వారి చేయి లేని పని లేదు.

ఆనాటి పోటీ ఓడలో దిగిన గుడ్డతో. ఈనాటి పోటీ మన మరమగ్గాలతోనే. కొన్ని రకాలను చేమగ్గం మీదనే నేయాలని 1985లో చట్టం వచ్చింది. ప్రస్తుతం ఆ జాబితాలో ఉన్నవి 11 రకాలు మాత్రమే. మరమగ్గం చీరకు చేనేత అని పేరుపెట్టి అమ్మే అంగళ్లకు కొదవలేదు. కొనేవారు గుర్తుపట్టటానికి 2006లో చేనేత ముద్ర ప్రవేశపెట్టారు. చీర కొనేటప్పుడు ఆ ముద్ర ఉందో లేదో అడిగేవారు మాత్రం తక్కువ.

1905లో దీక్ష పట్టింది కొనేవారు. ఆ రోజును గుర్తుచేసుకునే సభల్లో నేతగాళ్లను కూర్చోబెట్టి పొగడటం బాగానే ఉంది. వారికి కప్పే శాలువా మగ్గం మీద నేసినదేనా అని నిర్వాహకులు ముందుగా చూసుకుంటే మరీ బాగుంటుంది.