చిన్న దేశం - దూరపు చుట్టాలు

పుంగనూరు ఆవు ఎత్తు మూడడుగులకు అటూ ఇటూ. పాలలో వెన్న మాత్రం మెండు. ఆకారాన్ని బట్టి విలువ కట్టరాదని మన ప్రాంతపు రైతుకు వేరే చెప్పనక్కరలేదు. దేశాల సంగతీ అంతే. హిందూ మహాసముద్రంలో చెన్నైకి నాలుగు వేల కిలోమీటర్లకు పైగా దూరాన మారిషస్ ఉంది. విస్తీర్ణం సుమారు 2,040 చదరపు కిలోమీటర్లు, అంటే పాత చిత్తూరు జిల్లాలో ఏడో వంతు. జనాభా పన్నెండున్నర లక్షలు. సైన్యమంటూ లేదు, పోలీసులు, తీర రక్షక దళమే దిక్కు. మరి పెద్ద దేశాల మధ్య అది ఎలా నెగ్గుకొస్తున్నది?

ముందు బంధుత్వం సంగతి. చెరుకు తోటల్లో పని చేయడానికి 1834 నుంచి 1920 వరకు దాదాపు అయిదు లక్షల మంది భారతీయ ఒప్పంద కూలీలు పోర్ట్ లూయీ రేవులో దిగారు. కాకినాడ దగ్గరి కోరంగి నుంచి ఓడెక్కిన తెలుగువారూ వారిలో ఉన్నారు. నేటికీ అక్కడ ఉగాదికి సెలవిస్తారు. 1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు అక్కడే జరిగాయి. 1968లో స్వాతంత్ర్యం వచ్చినప్పుడు, దండి యాత్ర మొదలైన మార్చి 12వ తేదీనే వారు ఎంచుకున్నారు.

ఐతే చుట్టరికం ఒక్కటే కడుపు నింపదు కదా! స్వాతంత్ర్యం నాటికి మారిషస్ ఎగుమతుల్లో నూటికి 90 పాళ్ళకు పైగా చక్కెరే. 1975 ఒప్పందం ప్రకారం ఐరోపా దేశాలు ఏటా సుమారు 5 లక్షల టన్నులు హామీ ధరకు కొనేవి. 2006 నుంచి ఆ ధరను మెట్టు మెట్టుగా 36 శాతం తగ్గించారు. 2009లో ఒప్పందమే ముగిసింది. బయటి లారీలు రాని రోజున మదనపల్లె మార్కెట్లో టమోటా రైతు గతి ఏమిటో ఎరిగినవారికి ఈ దెబ్బ ఎలాంటిదో తెలుస్తుంది.

కాని వారు ముందుచూపుతో 1970 నుంచే బట్టల పరిశ్రమకు ప్రోత్సాహమిచ్చారు. తర్వాత పర్యాటకం, బ్యాంకింగు పెంచారు. చెరుకు పిప్పిని కాల్చి కరెంటు తీస్తున్నారు. 2021 జనవరి 1 నుంచి చైనాతో, అదే ఏడాది ఏప్రిల్ 1 నుంచి మన దేశంతో వాణిజ్య ఒప్పందాలు అమలు చేసుకున్నారు. మూడు రాష్ట్రాల సరిహద్దులో ఉన్న కుప్పం రైతుకు ఈ కిటుకు కొత్త కాదు. ఒక సంతలో ధర పడితే ఇంకో సంత ఉండాలి. అంతే.

ఇక రక్షణ. భూమి చిన్నదైనా వారి సముద్రపు హద్దు సుమారు 23 లక్షల చదరపు కిలోమీటర్లు. కాపలాకు ఓడలు కావాలి. కలకత్తాలో తయారైన 'బారకూడా' గస్తీ నౌక 2015 మార్చి 12న అక్కడ సేవలో ప్రవేశించింది. అగలేగా దీవిలో మన దేశం కట్టిచ్చిన విమానాల రన్‌వే, జెట్టీ 2024 ఫిబ్రవరి 29న ప్రారంభమయ్యాయి.

ఇందులో రెండో ముఖమూ ఉంది. స్వాతంత్ర్యానికి మూడేళ్ళ ముందే, 1965లో, బ్రిటన్ చాగోస్ దీవులను మారిషస్ నుంచి విడదీసింది. అక్కడి డీగో గార్షియాలో అమెరికా స్థావరం కోసం 1968-73 మధ్య దీవుల జనాన్ని ఊళ్ళు ఖాళీ చేయించి పంపేశారు. చిన్న దేశం చేతిలో ఉన్న ఆయుధం న్యాయం ఒక్కటే. 2019లో అంతర్జాతీయ న్యాయస్థానం మారిషస్ వైపే అభిప్రాయం చెప్పింది. అదే ఏడాది ఐక్యరాజ్యసమితిలో 116 దేశాలు దాన్ని సమర్థించాయి. వాటిలో మన దేశమూ ఉంది. ఎదిరించినవి ఆరే. 2025 మే 22న దీవులను తిరిగి ఇస్తూ, స్థావరాన్ని మాత్రం 99 ఏళ్ళు బ్రిటన్ చేతిలో ఉంచుతూ ఒప్పందంపై సంతకాలయ్యాయి.

చాగోస్ గతి తమకూ పడుతుందేమోనని అగలేగా వాసుల్లో కొందరు భయపడ్డారు. పెద్ద చుట్టంగా మనం ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోరాదు. ఒప్పందాలు రాజధానుల్లో రాసుకుంటారు. వాటి బరువు మోసేది అక్కడి జాలరి, అక్కడి రైతు. వారి ఇల్లు కదలకుండా ఉన్నంత కాలమే అది స్నేహం.