ఎండల్లో ఎక్కే కొండ

వేసవిలో కొండలెక్కడం కొత్తేమీ కాదు. ఆంగ్లేయుల కాలంలో మద్రాసు ప్రభుత్వం దస్త్రాలన్నీ సర్దుకుని ఊటీకి తరలిపోయేది. కడప కలెక్టరుగా పనిచేసిన హార్స్‌లీ ఎండలు భరించలేక 1,265 మీటర్ల ఎత్తున బంగళా కట్టుకున్నాడు. ఆ కొండకు ఆయన పేరే మిగిలింది. వాళ్లంతా ఎండకు భయపడి కొండెక్కినవాళ్లు.

జగిత్యాలకు పదిహేను కిలోమీటర్ల దూరంలో ఓ కొండ ఉంది. దాని లెక్కే వేరు. ఎండలు ఎంత ముదిరితే అక్కడ జనం అంత పెరుగుతారు! అదే కొండగట్టు.

మల్యాల మండలం ముత్యంపేట దగ్గరున్న ఈ గుట్ట మీద మంచు కురవదు, చలిగాలి వీయదు. ఏప్రిల్, మే నెలల్లో రాష్ట్రంలోకెల్లా ఎక్కువ వేడి నమోదయ్యే చోట్లలో జగిత్యాల జిల్లా ఒకటి. 45 డిగ్రీలు దాటే రోజులూ ఉంటాయి. బండ మీద కాలు పెడితే చుర్రుమంటుంది. అయినా జనం ఆగరు. చంకలో పిల్లలతో, నెత్తిన సద్ది మూటలతో గట్టెక్కుతూనే ఉంటారు. ఎవరు వీళ్లంతా? ఈ ఎండల్లోనే ఎందుకొస్తారు?

సరిగ్గా 41 రోజులు

మొదటి కారణం పంచాంగంలో ఉంది. కొండగట్టు అంజన్నకు జయంతులు రెండు. చైత్ర పౌర్ణమికి చిన్న జయంతి, వైశాఖ బహుళ దశమికి పెద్ద జయంతి. మొదటిది సాధారణంగా ఏప్రిల్‌లో వస్తుంది, రెండోది ఎక్కువగా మే నెలలో. ఈ రెండింటి మధ్య తిథులు లెక్కపెట్టి చూడండి. మొదటి రోజునూ చివరి రోజునూ కలుపుకుంటే సరిగ్గా 41. అంటే ఒక మండల దీక్ష! చిన్న జయంతికి మాల వేసుకున్నవాళ్లు పెద్ద జయంతికి విరమిస్తారు. అన్ని రోజులు కుదరనివాళ్లకు 21 రోజులు, 11 రోజుల దీక్షలూ ఉన్నాయి.

దీక్షాపరుల్లో కుర్రవాళ్లే ఎక్కువగా కనిపిస్తారు. పరీక్షలైపోయిన విద్యార్థులు, దుకాణాల్లో పనిచేసేవాళ్లు, ఆటోలు తోలేవాళ్లు. జయంతి ముందు రాత్రి కరీంనగర్ రోడ్డున వెళ్తే కాషాయ బట్టల్లో చెప్పుల్లేకుండా నడిచే గుంపులు ఎదురవుతాయి. పగలు తారు కాలుతుంది కాబట్టి వాళ్ల నడకంతా రాత్రిపూటే.

రెండో కారణం పొలంలో ఉంది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి ప్రాంతాల్లో పసుపు తవ్వి, ఉడికించి, ఎండబెట్టి అమ్మేసరికి చలికాలం వెళ్లిపోతుంది. యాసంగి వరి కోతలు అయ్యాక రైతుకు కాస్త ఊపిరి. చేతిలో నాలుగు డబ్బులు, బళ్లకు సెలవులు, ఇంట్లో పెళ్లిళ్లు. ఏడాది పొడవునా మొక్కుకున్న మొక్కులన్నీ తీరేది ఈ రెండు నెలల్లోనే.

భర్త గల్ఫ్‌లో... మొక్కు కొండ మీద

కొండకొచ్చే కుటుంబాలను కాసేపు గమనిస్తే ఈ ప్రాంతం బతుకంతా కళ్లకు కడుతుంది. పిల్లలను వెంటబెట్టుకుని ఆడవాళ్లే వచ్చే కుటుంబాలు చాలా ఉంటాయి. ఇంటాయన దుబాయ్‌లోనో, మస్కట్‌లోనో, సౌదీలోనో ఉంటాడు. వీసా కోసం మొక్కింది ఆమే, తీర్చేదీ ఆమే. ఆయన సెలవు ఈ రోజుల్లో పడితే మాత్రం చుట్టాలతో సహా బండి కట్టించుకుని రావాల్సిందే.

కోరుట్ల, మెట్‌పల్లి వైపు నుంచి బీడీలు చుట్టే మహిళలు వస్తారు. సిరిసిల్ల నుంచి మరమగ్గాల కార్మికులు వస్తారు. అక్కడి మాటలో మరమగ్గమంటే ‘సాంచ’. రేకుల షెడ్డులో, ఆ మోత మధ్య పన్నెండేసి గంటలు నిలబడేవాళ్లకు ఇంటిల్లిపాదితో గడిపే ఒక్క రోజు ఎంత అపురూపమో వేరే చెప్పాలా! భివండీ, షోలాపూర్, సూరత్‌లకు వలసపోయిన నేత కుటుంబాలు సొంతూరికి వచ్చేదీ సెలవుల్లోనే. వాళ్ల దారి వేములవాడ రాజన్నను చూసుకుని కొండగట్టుకు రావడం. ఒక ప్రయాణంలో రెండు మొక్కులు.

ఉండేది పూటే

ఒకప్పుడు కొండకు రావడమంటే ఎడ్లబండ్లు కట్టుకుని రావడం. చెట్ల కింద పొయ్యి పెట్టి, రాత్రి నిద్ర చేసి, తెల్లారి కోనేట్లో మునిగి తిరుగు ప్రయాణం. ఇప్పుడు ఆటోలు, ట్రాలీలు, కార్లు. పొద్దున వచ్చి, దర్శనం చేసుకుని, అన్నం తిని పొద్దు వాలకముందే వెళ్లిపోతున్నారు.

ఇదంతా బండ్లు పెరిగినందువల్లే అనుకుంటే పొరపాటు. బీడీలకు వెయ్యికింత అని కూలి. సాంచల దగ్గర నేసినదాన్ని బట్టి కూలి. చెయ్యి ఆగితే పైసలూ ఆగినట్టే. రెండో రోజు ఉండాలంటే మరో రోజు కూలి వదులుకోవాలి. ఊటీ వెళ్లేవాళ్లు సెలవు పెట్టి వెళ్తారు, జీతం ఎక్కడికీ పోదు. ఇక్కడ సెలవుకు ఖరీదు కట్టేది వచ్చినవాళ్లే!

రోజుల తరబడి ఉండేవాళ్లూ లేకపోలేదు. మనసు బాగాలేనివారు, సంతానం లేనివారు మండలం రోజులు కొండ మీద గడిపితే అంజన్న దయ చూపుతాడన్నది ఇక్కడి నమ్మకం. డాక్టర్ల చుట్టూ తిరిగి అలసిపోయిన తల్లిదండ్రులు కొడుకునో కూతురినో తీసుకొచ్చి చూరు కింద చాప పరుచుకుంటారు. నమ్మకం ధైర్యమివ్వచ్చు గానీ, వైద్యం మానాల్సిన పనిలేదు. మండుటెండల్లో వాళ్లకు కావలసింది నీడ, మంచినీళ్లు, దాంతోపాటు ఒక డాక్టరు.

ఘాట్‌రోడ్డు చెప్పిన పాఠం

ఒక్కపూటలోనే ఇంతమంది ఎక్కి దిగితే భారమంతా పడేది దారి మీదే. ఆ దారి గురించి మాట్లాడితే 2018 సెప్టెంబరు 11 గుర్తుకు రాక మానదు. ఆ మంగళవారం శనివారంపేట నుంచి జగిత్యాల వెళ్తున్న ఆర్టీసీ బస్సు ఘాట్‌రోడ్డు దిగుతూ లోయలో పడింది. 60 మందికి పైగా చనిపోయారు. బస్సులో ఎక్కినవాళ్లు దాదాపు వందమంది. వాళ్లలో చాలామంది చుట్టుపక్కల పల్లెలవాళ్లు. కొండదారి భక్తులది మాత్రమే కాదని, రోజూ పట్నం పోయే పల్లె జనానిది కూడానని ఆ రోజు అందరికీ తెలిసొచ్చింది.

2022 డిసెంబరులో అప్పటి ముఖ్యమంత్రి కె.చంద్రశేఖరరావు కొండగట్టుకు 100 కోట్ల రూపాయలు ప్రకటించారు. 2023 ఫిబ్రవరిలో స్వయంగా కొండకు వచ్చి మరో 500 కోట్లు అన్నారు. ఆ తర్వాత ప్రభుత్వం మారింది. ప్రకటనలు, ప్రణాళికలు ఎన్ని వచ్చినా భక్తుడు చూసేది ఒకటే: క్యూలో నిలబడినప్పుడు నెత్తిన నీడ ఉందా, చంటిపిల్లకు తాగడానికి నీళ్లున్నాయా, దిగే బస్సులో సీటు దొరుకుతుందా అని.

వేసవి విడిది ఊళ్లలో గదులు, హోటళ్లు లెక్కపెట్టి ఎంతమందికి చోటుందో చెబుతారు. కొండగట్టుకు ఆ కొలత పనికిరాదు. ఇక్కడికి వచ్చేవాళ్లు గది అడగరు. రోజు కూలి వదులుకుని, ఎండకు ఎదురెళ్లి వస్తారు. వాళ్ల ఆ ఒక్క పూట క్షేమంగా గడిచి ఇల్లు చేరితే... అదే ఈ కొండ గొప్పతనం!

వెళ్లాలనుకుంటే...

• కొండగట్టు కరీంనగర్-జగిత్యాల దారిలో ఉంది. కరీంనగర్ నుంచి సుమారు 35 కిలోమీటర్లు.
• మంగళ, శనివారాల్లో రద్దీ ఎక్కువ. వృద్ధులు, పిల్లలతో వెళ్లేవారు మిగతా రోజుల్లో తెల్లవారుజామున వెళ్తే మేలు.
• గొడుగు, నీళ్లు మరవద్దు. చేతిలో కొబ్బరికాయలు, అరటిపండ్లు ఉంటే కోతులతో జాగ్రత్త!