పని లేకున్నా... ఫ్యాను ఆగదు!

ఒక్క ప్రోగ్రామూ తెరవలేదు. అయినా ల్యాప్‌టాప్ పెనంలా కాలుతుంది, ఫ్యాను రొద ఆగదు, బ్యాటరీ చూస్తుండగానే ఖాళీ! లైనక్స్ వాడే కొందరికి ఎదురయ్యే బెడద ఇది. 'టాప్' కమాండ్ కొడితే 'కేవర్కర్' ప్రాసెసర్‌ను మింగేస్తూ కనిపిస్తుంది. పాపం, దాని తప్పేం లేదు. మూత వేశారనో, ఛార్జర్ పెట్టారనో కెర్నెల్‌కు కబురు చేసే 'జీపీఈ' సంకేతాల్లో ఒకటి ఊరికే కాలింగ్‌బెల్ నొక్కుతూ ఉంటుంది. ప్రతిసారీ తలుపు తీసేది కేవర్కరే!

ఏది ఎన్నిసార్లు మోగిందో 'సిస్' డైరెక్టరీలోని ఏసీపీఐ ఇంటరప్ట్స్ ఫైళ్లలో లెక్క ఉంటుంది. లక్షల్లో మోగినదాన్ని పట్టుకుని, రూట్ అధికారంతో అందులో 'డిజేబుల్' అని రాస్తే రొద సద్దుమణుగుతుంది. రీస్టార్ట్ చేస్తే మళ్లీ మొదలే... కాబట్టి ఆ ఆదేశం బూట్ అయ్యేటప్పుడే నడిచేలా పెట్టుకోవాలి. ఒక్కోసారి మూత, బ్యాటరీ కబుర్లూ ఆగిపోవచ్చు. అందుకే బయాస్ అప్‌డేట్ ఉందేమో ముందు చూసుకోవడం మేలు.